రెండో బంతి

ఏప్రిల్ చివర. మంచు మీద పెచ్చు కట్టింది.
పొద్దున ఏడింటిదాకా మనిషిని మోస్తుంది,
ఎండ తగిలితే మోకాలిదాకా మింగుతుంది.
అందుకే తౌనో నన్ను మూడున్నరకే లేపాడు,
తలుపు కొట్టి కాదు,
కిటికీ కింద కాఫీ గిన్నె చప్పుడు చేసి.

ఫిన్లాండ్ తూర్పు అంచు.
పసుపు పట్టీల సరిహద్దు స్తంభాలకి ఇవతల
కిలోమీటరున్నర చిత్తడి నేల,
నిలబడి నిలబడి ఎదగడం మానేసిన పైన్ చెట్లు.
ముప్పై ఏళ్ళు ఈ గెట్టుకి కాపలా కాసినవాడు
ఇప్పుడు అడుగుల లెక్క రాస్తాడు
చెక్క స్కేలుతో, మొద్దుబారిన పెన్సిల్‌తో.
నేను లెక్క నేర్చుకుంటున్నాను.

ముందు మాలకాకులు చెప్పాయి.
తర్వాత అడుగులు.
"తోడేళ్ళు. ఎన్నో చెప్పు."
ఒకటే గాడి. ఒక్కటే నడిచిందన్నాను.
అతను నవ్వలేదు, పద అన్నాడు.
మలుపు దగ్గర గాడి విచ్చుకుంది
జడ విప్పినట్టు:
ఒకటి, రెండు, నాలుగు. కాదు, ఐదు.

వాటి మీద అడ్డంగా
లోపలికి తిరిగిన పాదం ఇంకొకటి.
నా అరచెయ్యి పెట్టి చూశాను,
చుట్టూ ఇంకా చోటు మిగిలింది.
ఆర్నెల్లు పచ్చి మంచినీళ్ళు ముట్టనిది
పడక దులుపుకుని తిన్నగా ఇక్కడికే వచ్చింది
పిలవని పెళ్ళిలో పెత్తనానికి.

తౌనో బోర్లా పడుకున్నాడు. నేనూ.
గాలి మా ముఖాల మీదికే వీస్తోంది.
ఎల్క్ దుప్పి పక్కటెముకలు
సగం కట్టి వదిలేసిన పడవలా లేచి ఉన్నాయి.
పడవ పక్కన చెట్టు నీడ అనుకున్నది
ఊపిరి వదిలింది.

మాంసం మీద వాలి కునుకు తీస్తోంది ఎలుగు,
నగల పెట్టె తలకింద పెట్టుకున్న ముసలమ్మలా.

అరవై అడుగుల అవతల ఐదూ కూర్చున్నాయి.
ఒకటి కాలు నాక్కుంటోంది.
ఒకటి ఎటో చూస్తోంది, మనకేం పట్టనట్టు.
నిరుటి పిల్ల మాత్రం ఆగలేక
వెనకనుంచి వెళ్ళి ఎలుగు పిర్ర కొరికి
పరుగో పరుగు.
ఎలుగు కళ్ళు తెరవలేదు.
ఈగని తోలినట్టు ఒక చెయ్యి విసిరింది, అంతే.

రాత్రంతా తరిమింది ఎవరు, తింటున్నది ఎవరు!
గుసగుసగా అదే అన్నాను.
తౌనో గడియారం చూసి రాసుకున్నాడు:
"ఐదూ నలభై. ఎలుగు, ఆడది, ఒంటరి.
తోడేళ్ళు ఐదు. కూర్చుని ఉన్నాయి."

ఆరున్నరకి లేచింది.
ఒళ్ళు విరుచుకుని, తొడ ఎముక ఒకటి నోట కరుచుకుని,
తొందరేమీ లేకుండా, తోడేళ్ళ పక్కనుంచే
చెట్లలోకి వెళ్ళిపోయింది.
అవి జరిగి దారిచ్చాయి.
తర్వాత రెండో బంతి కూర్చుంది.
ఎంగిలని ఎవరూ అనలేదు.
మూడో బంతికి కొమ్మల మీద
కాకులు గొంతులు సవరించుకుంటున్నాయి.

తిరుగుదారిలో చెప్పాడు, అడక్కుండానే.
కుడి ముందుకాలికి ఒక గోరు లేదు కాబట్టి గుర్తట:
"పోయిన మేలో దానికి రెండు పిల్లలు.
జూలైకి ఒకటి.
బ్లూబెర్రీలు పండేసరికి ఏదీ లేదు."

"ఈ గుంపేనా?"

చాలాసేపు నడిచాం.
"చూడలేదు. చూడనిది నేను రాయను."

అదే ఎలుగు, అవే తోడేళ్ళు,
అరవై అడుగులు.
శత్రువులనాలా, పాలివాళ్ళనాలా?
అతని పుస్తకంలో ఆ మాటకి గడి లేదు.

మంచు మెత్తబడింది.
అతను దిగబడ్డ చోటే అడుగు వేస్తూ వచ్చాను,
లేకపోతే రెండింతలు అలుపు.
వంతెన దగ్గర అతను ఎడమకి, నేను కుడికి.

వెనక్కి తిరిగి చూశాను.
చిత్తడి మీద అంత దూరం
ఒక్క మనిషే నడిచినట్టుంది.